పిన్ని రాసుకున్న రెండు చర్చలు

మా పిన్ని పార్లమెంటులో ముప్ఫై ఏళ్లు షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా పనిచేసింది. సభ మధ్యలో చిన్న బల్ల. పది నిమిషాలు రాయాలి, తర్వాతివాళ్లు రాగానే లేచి వెళ్లి టైపు చేయాలి. రాసేటప్పుడు తల ఎత్తితే నాలుగు ముక్కలు జారిపోతాయి. అందుకే మంత్రులందరూ ఆమెకు గొంతులుగానే తెలుసు. "ఫలానా ఆయనకి బట్టతలట కదా పిన్నీ" అంటే, "ఏమోరా, నాకు ఆయన దగ్గొక్కటే తెలుసు" అనేది.

మిత్రదేశం తన యుద్ధానికి మన సైన్యాన్ని పంపమని అడిగిన ఏడాది, పిన్ని కొడుకు వంతెనలు కట్టే దళంలో ఉన్నాడు. పంపితే ముందు వెళ్లేది ఆ దళమే. అది తెలిసి కూడా పిన్ని సెలవు పెట్టలేదు.

సభలో చర్చ మొదలైంది. కరువులో వాళ్లు మనకు ధాన్యం పంపారని ఒకరు, రేపు మన సరిహద్దులో గొడవైతే ఎవరొస్తారని ఇంకొకరు. ఇది మన తగవు కాదని ఒక సభ్యుడు తడబడుతూ అంటుంటే పిన్ని ఒక్క అక్షరం పోనివ్వలేదట. చివరికి రక్షణమంత్రి గొంతు ఖంగుమంది. "స్నేహితుడు పిలిచాక గుమ్మంలో నిలబడి ఆలోచిస్తామా?" అందరూ బల్లలు చరిచారు. చరిచినవాళ్ల పిల్లలెవరూ వంతెనలు కట్టరు లెండి. పిన్ని ఆ మాటలూ రాసింది, బల్లలు చరిచిన సంగతీ రాసింది.

తమ్ముడు వెళ్లాడు. నాలుగో నెలలో, సగం కట్టిన వంతెన మీద పోయాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు. ఏడ్చి ఏడ్చి పిన్ని ఒక్క మాట పట్టుకుని నిలబడింది. "తప్పలేదురా. వెళ్లకపోతే రేపు మనకి దిక్కెవరు?" నాకు ఒళ్లు మండేది. అదీ లాగేసుకుంటే ఆమెకు ఏం మిగులుతుందని నోరు మూసుకున్నాను.

ఆరేళ్లకు అదే దేశం మరో యుద్ధానికి పిలిచింది. ఈసారి మనకు ఎన్నికలు దగ్గరపడ్డాయి. పిన్ని రాస్తుండగా అదే గొంతు లేచింది. "స్నేహం వేరు, యుద్ధం వేరు. ప్రతి తగవులో మనం తలదూర్చక్కర్లేదు." మళ్లీ బల్లలు చరిచారు. పిన్ని కలం ఆగింది. తల ఎత్తి ఆ మనిషిని మొదటిసారి చూసింది. ఆయన నవ్వుతూ కూర్చుంటున్నాడు. తర్వాతి రిపోర్టరు వచ్చి భుజం తట్టేదాకా చూస్తూనే ఉందట.

మిత్రదేశం అలగనైనా అలగలేదు. నెల తిరక్కుండా వాళ్ల మంత్రి వచ్చి, విందు తిని, కొత్త వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసి వెళ్లాడు. టీవీలో ఆ వార్త వస్తుంటే పిన్ని బట్టలు మడతపెడుతోంది.

"వద్దన్నా ఏం కాలేదురా" అంది.

నేను లేచి టీవీ కట్టేశాను.

"అప్పుడు వద్దన్నా ఏం అయ్యేది కాదు కదా?"

జవాబు కావాలని నా మొహంలోకే చూస్తోంది. ఇక అబద్ధం చెప్పలేకపోయాను.

"అయ్యేది కాదు పిన్నీ."

చేతిలో చొక్కా సగం మడతలోనే ఉండిపోయింది.

"అయితే నా కొడుకు ఉత్తిపుణ్యానికి పోయాడన్నమాట" అంది.