సీడీకి లామినేషన్

ఇప్పటి వాళ్ళు అదృష్టవంతులు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ కావాలంటే కుర్చీలోంచి లేవకుండా డౌన్‌లోడ్ నొక్కి, టీ తాగొచ్చే లోపల ఇన్‌స్టాల్ చేసేసుకుంటారు. ‘దొంగ సైట్లుంటాయి, జాగ్రత్త’ అని ఎవరైనా చెబితే విసుక్కుంటారు కూడా. ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, మా ఆత్మకూరులో డౌన్‌లోడ్ అనే మాట నేను ఎవరి నోటా వినలేదు. సాఫ్ట్‌వేర్ అంటే ఒక సీడీ. అది నెల్లూరులో దొరికేది. బస్సెక్కి పోయి, చంటిబిడ్డ మాదిరి ఒళ్ళో పెట్టుకోని తెచ్చుకోవాల. వైరస్సులకి అప్పుడు కూడా ఏదో ఒక మందు ఉండేది. మా నాయనకి మాత్రం ఏ కంపెనీవాడూ మందు కనిపెట్టలేదు! ఇన్నేళ్ళయినా, తల్చుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నాయన మండలాఫీసు రికార్డు రూములో అటెండరు. చెదలు తినేసిన కాగితాలు చూసి చూసి, కాగితం కనిపిస్తే చాలు దాని ఆయుష్షు గురించి దిగులుపడే మనిషి. అట్లాంటాయన తిరిగే దారిలో, బస్టాండు సెంటర్లో, లామినేషన్ షాపు తెరిచినారు. ఇంకేముంది! రేషన్ కార్డుకి లామినేషన్ చేయించినాడు. చౌకడిపో ఆయన ‘ఏందయ్యా ఇది, నెలనెలా సరుకులు ఎక్కడ రాసేది, నీ మొహాన రాసేదా?’ అని కార్డు విసిరికొట్టినాడు. నా బాప్తిస్మం సర్టిఫికెట్టుకి చేయించినాడు, సరే. మా అమ్మ మందుల చీటీకి కూడా చేయించినాడు (డాక్టరు మందు మార్చి రాయబోతే పెన్ను జారిపోయింది. అమ్మ ఆ నెలంతా పాత మాత్రలే మింగింది). ఎవరెన్ని తిట్టినా నాయన ఒకటే మాట అనేవాడు: “నీళ్ళు పడినా ఏం కాదు, చూడు.”

నేను నెల్లూరులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి, ఏడాదిగా ఖాళీగా తిరుగుతున్నాను. చివరికి ఉదయగిరిలో ఒక ప్రైవేటు హైస్కూలు మేడం నన్ను పిలిపించింది. కొత్త కంప్యూటర్ తెచ్చి, పూలగుడ్డ కప్పి పెట్టుకోనుంది. “అబ్బాయ్, సోమవారం సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పరీక్ష పేపర్లు కొట్టి చూపిస్తివా, ఉద్యోగం నీది. లేదంటే మా టైపు మాస్టారు ఉండనే ఉన్నాడు, టైపు మిషన్ మీద స్టెన్సిల్ కొడతాడు” అనింది. టైపు మాస్టారు పక్కనే నిలబడి, నేను ఎప్పుడు జారిపడతానా అని చూస్తా ఉన్నాడు. శనివారం నెల్లూరు పోయి, స్కూలుకి కంప్యూటర్ అమ్మిన షాపులో సీడీ తీసుకున్నాను. దాంతోపాటు పొడుగాటి నంబరు రాసిన కాగితం ఒకటి ఇచ్చినారు. ఆ నంబరు కొట్టకపోతే సాఫ్ట్‌వేర్ ఎక్కదు. “ఇదొక్కటే ఉండాది, పారేసుకుంటే మళ్ళీ ఇయ్యం” అని షాపాయన గట్టిగా చెప్పినాడు. ఆ మాట ఇంటికొచ్చి నాయనకి చెప్పినాను. అదీ నా బుద్ధితక్కువ!

ఆదివారం నేను చర్చికి పోయి, పాటల ప్రాక్టీసు చూసుకోని మధ్యాహ్నానికి వచ్చినాను. సోమవారం పొద్దున బయల్దేరేటప్పుడు నాయన ఒక పొట్లం చేతిలో పెట్టినాడు. రెండు అట్టల మధ్య పెట్టి, తువ్వాలు చుట్టి, పురికొస కట్టినాడు. “బస్సులో విప్పబాకురా, దుమ్ము పడతాది” అన్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాను. దారి పొడుగునా పొట్లాన్ని ఎదకి హత్తుకోనే కూర్చున్నాను.

స్కూల్లో మేడం, టైపు మాస్టారు, కిటికీకి వేలాడే పదో తరగతి పిల్లలు. అందరి ముందరా పురికొస విప్పినాను. ఓరి దేవుడా! సీడీకి లామినేషన్! నలుచదరంగా, మూలలు గుండ్రంగా కత్తిరించి, తళతళా మెరిసిపోతా ఉండాది. వెనకవైపు నంబరు కాగితం. పైన ఒక చీటీ మీద నాయన దస్తూరీ: ‘ఇది మా అబ్బాయి ఉద్యోగము. దొరికినవారు దయచేసి ఆత్మకూరు మండలాఫీసులో ఇయ్యగలరు.’ అదీ లామినేషన్ లోపలే. పిల్లలు పగలబడి నవ్వినారు. టైపు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోని మళ్ళీ పెట్టుకోని, “తడిసే భయం లేదు బాబూ” అన్నాడు.

బ్లేడు తెప్పించి అంచులు కోసినాను. ప్లాస్టిక్ పట్టి లాగితే, సీడీ మీద ఉండే వెండి పూతంతా ప్లాస్టిక్‌తోనే ఊడొచ్చింది. చేతిలో మిగిలిన బిళ్ళలోంచి చూస్తే ఎదురుగా మేడం కనిపిస్తా ఉంది. “ఎవరు చేసినారు ఇది?” అనింది. నాకు తల కొట్టేసినట్టయింది. “మా నాయన మేడం. ఆయనకి చదువులేదు, ఏం తెలీదు” అన్నాను. (ఎనిమిదో తరగతి దాకా చదివినాడు. దస్తూరీ ముత్యాల మాదిరి ఉండేది.) మేడం మంగళవారం సాయంత్రం దాకా టైమిచ్చింది.

ఆత్మకూరు బస్సులో రెండున్నర గంటలు తిట్లు వరసగా పేర్చుకున్నాను. దిగీ దిగగానే లామినేషన్ షాపు అన్న మీదకి పోయినాను. “అన్నా, సీడీకి ఎవడైనా చేస్తాడా?” ఆయనకి నాకంటే కోపం! “గట్టిగా చెయ్యమన్నాడు మీ నాయన. రెండుసార్లు తిప్పినా. అది సందులో పట్టకపోతే నా మిషన్ ఏమవుతుందో అని నేనే భయపడినా, తెలుసా?” అప్పటికే నాయన ఆఫీసు నుంచి వస్తా అక్కడ ఆగినాడు. ఇంక నేను ఊరుకోలేదు. బస్టాండు సెంటర్లో, టీ తాగే వాళ్ళందరూ వింటా ఉండగా, “నీ పుణ్యాన నా ఉద్యోగం పోయింది! నీకు తెలియని వస్తువు మీద చెయ్యెందుకు పెడతావు?” అని అరిచినాను. నాయన “నీళ్ళు పడితే…” అని మొదలుపెట్టి, ఆపేసి, చేతిసంచి ఇంకో చేతిలోకి మార్చుకోని ఇంటికి నడిచినాడు.

మంగళవారం నేను లేచేసరికి నాయన లేడు. “మొదటి బస్సుకే పోయినాడు, ఎక్కడికో చెప్పలా” అనింది అమ్మ. అలిగినాడేమో, అలగనీ అనుకున్నాను. షాపాయన మళ్ళీ ఇయ్యనని ముందే చెప్పినాడు గదా, ఇంక నెల్లూరు పోయి ఏం ప్రయోజనం? మేడానికి ఒక నమస్కారం పెట్టి, ఆమె దగ్గర ఇచ్చి పెట్టిన నా సర్టిఫికెట్లు తెచ్చుకుందామని మధ్యాహ్నం ఉదయగిరి బస్సెక్కినాను.

స్కూలు వరండాలో బెంచీ మీద నాయన కూర్చోనుండాడు. రెండు అరచేతుల మీద కొత్త సీడీ డబ్బా. వేళ్ళు కూడా ముడవలేదు. ఆ నెల్లూరు షాపులో ఎంతసేపు నిలబడినాడో, ఏమని బతిమలాడినాడో నాకు ఇప్పటికీ తెలీదు. సీడీ దొరకగానే ఇంటికి కూడా రాకుండా, వింజమూరు మీదుగా తిన్నగా ఇక్కడికే వచ్చేసినాడు. మేడం నన్ను చూసి, “మీ నాయన అంతా చెప్పినాడు. తప్పు తనదేనంట. నీ ఉద్యోగం తీసెయ్యబాకండి అని గంట నుంచీ అదే మాట” అనింది.

లోపలికి పోయి సీడీ పెట్టినాను, నంబరు కొట్టినాను. నీలం గీత మెల్లిగా పాకుతా ఉంది. నాయన గడప అవతలే నిలబడినాడు. “లోపలికి రా నాయనా, చూద్దువు” అన్నాను. “వద్దులేరా. నా గాలి తగిలి మళ్ళీ ఏమన్నా అయితే?” అన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదు, నిజంగానే భయపడినాడు. నేను మళ్ళీ పిలవలేదు. పేపర్లు కొట్టాలనే తొందరలో ఉన్నాను. ఆయన చివరి బస్సు దాకా అట్లాగే నిలబడి, గీత పూర్తయిందని నేను చెప్పినాక పోయినాడు.

ఉద్యోగం వచ్చింది. టైపు మాస్టారు నా దగ్గరే కంప్యూటర్ నేర్చుకున్నాడు. సీడీకి లామినేషన్ చేయించడం తప్పే, ఆ విషయంలో నేను ఒక్క మెట్టు కూడా దిగను. కానీ ఇప్పుడు నా మంట ఇంకొకడి మీద. బస్టాండు సెంటర్లో అంత గొంతు చేసుకోని అరిచిన ఆ ఇరవై రెండేళ్ళ మొనగాడు ఎప్పుడైనా నాకు ఎదురుపడితే, జబ్బ పట్టుకోని ఆ షాపుకే తీసుకుపోయి, ముందు వాడి నోటికి లామినేషన్ చేయిస్తాను. రెండుసార్లు తిప్పమంటాను.