వరద శిబిరంలో వన్స్‌మోర్

గోదావరి మధ్య మా లంకలో పద్యనాటకాలాడే పెద్దాయన ఒకడుండేవాడు. ఆయన రాగం కొవ్వూరులో మొదలైతే బ్రిడ్జి దాటి రాజమండ్రిలో గానీ ఆగదని ఊరూరా ప్రచారం చేసినవాణ్ణి నేనే. అది సగం అబద్ధం. బ్రిడ్జి మధ్యలో ఒకసారి దగ్గేవాడు.

మొన్నటి వరదకి లంక మునుగుతుంటే, పడవలోకి మనుషుల్ని ఎక్కించే పెత్తనం నా నెత్తిన పడింది. పెద్దాయన ఒక చేత్తో భార్యనీ, ఇంకో చేత్తో వేషాల పెట్టెనీ పట్టుకుని వచ్చాడు. పడవలో ఇద్దరికే చోటుంది.

"పెట్టె తడిస్తే నాశనమైపోద్ది బాబాయ్ గారూ, ఎక్కించెయ్యండి. పిన్నిగారు రెండో ట్రిప్పులో వస్తారు" అన్నాను.

ఆవిడ నవ్వింది. "నాకంటే ముందు కాపరానికొచ్చింది అదేనయ్యా, తీసుకెళ్లండి" అని, వెళ్లి తమ పెంకుటింటి కప్పెక్కి కూర్చుంది.

ఒడ్డున హైస్కూల్లో శిబిరం. రెండో పడవ ఎంతకీ రాదు. లోపల పిల్లల ఏడుపులు, పులిహోర పొట్లాల కోసం పెద్దవాళ్ల కొట్లాట.

"పెట్టె తెచ్చుకున్నారుగా బాబాయ్ గారూ, ఓ పద్యం అందుకోండి!" అన్నాను.

"మీ పిన్నిని రానియ్యరా" అన్నాడాయన.

జనం ఊరుకుంటేనా! లుంగీతోనే కిరీటం పెట్టించి బెంచీ ఎక్కించారు. రాజ్యం పోయిన రాజు పద్యం ఎత్తుకున్నాడు. కొట్లాట ఆగింది. పిల్లలు నోళ్లు తెరిచారు.

ఆయన కిటికీలోంచి పడవలాగే రేవు వైపు, మేమంతా ఆయన వైపు. రాగం మధ్యలో గొంతు చిరిగింది. కళ్లలోంచి బొటబొటా నీళ్లు. అలాంటి ఏడుపు ఏ స్టేజీ మీదా చూడలేదు నేను.

"వన్స్‌మోర్!" అని మొదట అరిచింది నేనే. హాలంతా అందుకుంది. మా వైపు వన్స్‌మోర్ పడ్డాక పాడకుండా దిగిన నటుడు లేడు. ఆయనా మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

అప్పుడు పడవ నడిపే అతను వెనకనుంచి వచ్చి నా భుజం తట్టాడు. "ఖాళీగా వచ్చానండి. ఇల్లే లేదక్కడ. ఆవిడా లేదు."

ఆపండని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అంటే పెట్టె ఎవరు ఎక్కించమన్నారో కూడా చెప్పాలి.

రెండో పాదం దగ్గర పద్యం ఆపేశాడు. బెంచీ దిగి, కిరీటంతోనే వానలోకి, పడవ వైపు నడిచాడు.

"సగంలో వదిలేసి పోతాడేంటండీ? ఈ ఆర్టిస్టులకి పొగరు" అన్నాడు నా పక్కనున్న రైతు.

"అవునండి, ఆయన మొదట్నుంచీ అంతే" అన్నాను.