యాదయ్యన్న చదవని వాక్యం

ఏడేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. రాసింది నేనే, ఇంగ్లీషులో. తెలుగులో చెప్పాలంటే, "సేవ్ కాలేదు. వాడినవారి పొరపాటు." అంతే. ఇంత చిన్నదానికి అంత బరువేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. బాధ అని కూడా అనలేను. ఆ చోటు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

అప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో ప్రోగ్రామర్ని. ఆర్టిస్టులందరి సాఫ్ట్‌వేరూ నేను రాసిన ఒకే కోడ్ లైబ్రరీ మీద నడిచేది. ఫ్రేము తెరవాలన్నా, సేవ్ చేయాలన్నా అదే. ఫైలు పేరు తప్పుగా కొట్టి, పనిచేయడం లేదంటూ రోజూ ఎవరో ఒకరు నా సీటు దగ్గరికి వచ్చేవారు. విసుగొచ్చి, ఏ కారణంతో సేవ్ ఆగినా ఆ ఒక్క వాక్యమే కనిపించేలా రాసేశాను. కారణాలు విడివిడిగా రాయడానికి ఒక పూట పట్టేది. ఆ పూట నాకు దండగనిపించింది.

యాదయ్యన్న మా దగ్గర వైర్లు చెరిపేవాడు. ఫైట్లలో హీరోని గాల్లోకి లేపే తీగలుంటాయి కదా, వాటిని ఒక్కో ఫ్రేములో తుడిచే పని. యాభై దాటినవాడు. బ్యానర్లు గీసే పని పోయాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. స్క్రీన్ మీద ఏది కనపడితే అదే నిజం ఆయనకు. ఒక బుధవారం ఆయన సేవ్ కొట్టగానే నా వాక్యం వచ్చింది, మూడు రోజుల పని ఉన్న ఫైలు ఖాళీ అయిపోయింది. మర్నాడు జూబ్లీహిల్స్‌లో నిర్మాతకు చూపించాల్సిన షాటు. సూపర్‌వైజర్ ఆ వాక్యాన్ని ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

నేను వెంటనే లాగ్ చూశాను, ఏం జరిగిందో మెషిన్ తనే రాసుకునే చిట్టా. సర్వర్‌లో చోటు అయిపోయింది. ఆయన తప్పు ఏమీ లేదు. చోటు ఉందో లేదో ముందే చూడాల్సింది నా లైబ్రరీ.

కాసేపటికి యాదయ్యన్న టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, గిది నువ్వు రాసిందే కదా. నేనేం తప్పు చేసిన్నో జర చూసి చెప్పు. నాదైతే ఒప్పుకుంట, గందుకేం ఫికర్ లేదు."

"చూస్తానన్నా," అన్నాను.

చూసేసి కూర్చున్నవాణ్ణి అలా అన్నాను. ఎందుకు? ఆ నెలలోనే నన్ను టీమ్ లీడ్ చేస్తారన్నారు. అదొక్కటేనా? సాయంత్రం చెబుదాం, పొద్దున చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆయన అందరి ముందూ చేతులు కట్టుకుని "నాదే తప్పు సార్" అనేశాడు. మెషిన్ చెప్పింది కాబట్టి నమ్మాడు. నేను రెండు కుర్చీల అవతల నిలబడి ఉన్నాను. ఆ వారమే ఆయన్ని పని మాన్పించారు.

తర్వాతి సోమవారం కూర్చుని, లైబ్రరీలోని సందేశాలన్నీ తిరగరాశాను. ఒక్క పూటే పట్టింది. పాత వాక్యం పోయింది, దాంతోపాటు నా తప్పుకు సాక్ష్యమూ పోయింది. మార్పుల చిట్టాలో "సందేశాలు మెరుగుపరిచాను" అని రాశాను. మీటింగులో చప్పట్లు కొట్టారు. యాదయ్యన్న కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు.

షేక్‌పేటలో ఆయన ఇల్లు నాకు తెలుసు. స్టూడియో నుంచి బండి మీద పది నిమిషాలు. ఫ్లైఓవర్ ఎక్కిన ప్రతిసారీ వెళ్లాలనుకుంటాను, వెళ్లను. ఇన్నేళ్లకు వెళ్లి చెబితే ఎవరికి మేలు, ఆయనకా నాకా? ఈ ప్రశ్న కూడా వెళ్లకుండా ఉండడానికే అడుగుతున్నానేమో.

ఆ లైబ్రరీని ఇప్పుడు ఇంకో రెండు మూడు స్టూడియోలు వాడుతున్నాయి. సర్వర్ నిండితే ఇలా వస్తుంది: "చోటు లేదు. మీ ఫైలు అలాగే ఉంది. ఇది మీ పొరపాటు కాదు." చివరి మాట ఎందుకని ఒకరిద్దరు అడిగారు. ఊరికేనన్నాను.

అది ఆయన కోసం రాసింది. ఎవరెవరో చదువుతున్నారు, ఆయన తప్ప. ఇది మీకు చెప్పాను. క్షమించమని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.