ఎర్ర తాడు లాగినామె

మా కంకర క్రషర్లో ప్రమాదాల రిజిస్టరు తెరిస్తే అన్ని పేజీల్లోనూ ఒకటే మాట: 'నిల్'. మేనేజరు దాన్ని వచ్చినోళ్ళందరికీ పెళ్ళి ఆల్బం మాదిరి చూపించేవాడు. నేను ఆ క్రషర్‌కే సేఫ్టీ ఆఫీసర్ని. వేలికి గుడ్డ చుట్టుకుని తిరిగేవాళ్ళను "ఏంది, ఏమైంది?" అని అడిగితే "ఇంట్లో కూరగాయలు కోస్తా ఉంటే తెగింది" అనేవాళ్ళు. ఒకే వారంలో అంతమంది వేళ్ళు కోసుకున్నారా! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఉండేది మా యవ్వారం.

ఆత్మకూరు నించి ఉదయగిరి పోయే దోవలో ఉండాది ఆ క్రషర్. రోడ్లేసే పెద్ద కంపెనీ ఒకటి మా కంకర కొనాలంటే ముందు వాళ్ళ మనిషొచ్చి చూడాల. పనోళ్ళ ఆరోగ్యం, భద్రత, దుమ్మూ నీళ్ళ సంగతి మేము ఎంత బాధ్యతగా చూస్తా ఉండామో తేల్చి, ఐదు మెట్లల్లో యాడ ఉండామో చెప్తాడు. రెండో మెట్టన్నా ఎక్కకపోతే బేరం లేదు.

ఆయన వచ్చే ముందు వారమే గొడవ జరిగింది. కంకర మోసుకుపోయే బెల్టు కింద రాలింది ఎత్తే ఆడోళ్ళలో ఒకామె కొంగు రోలర్లో చిక్కింది. పక్కనుండే ఇంకొకామె, కలువాయి వైపు గొర్రెలు మేపే ఇంటి మనిషి, ఒక్క దూకు దూకి ఎర్ర తాడు లాగేసింది. అది లాగితే బెల్టు ఆగిపోతాది. కొంగు చిరిగింది, మనిషి దక్కింది. నాకు ఆమె కాళ్ళు మొక్కాలనిపించింది. మేనేజరు మాత్రం "ఎవురు ఆపమన్నారు? లారీలు నిలబడిపోయినాయి" అని ఎగిరి, రేపటి నించి పనికి రావద్దన్నాడు. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

నేను జరిగింది జరిగినట్టు రిజిస్టరులో రాసినాను. "ఎవురికీ ఏం కాలేదు గదమ్మా, ఎందుకు రాసినావు?" అని మేనేజరు ఆ పేజీ చించేసినాడు. నా నోటికి తాళం లేదని మా నాయన ఊరికే అనడు. కానీ ఆ పొద్దు ఉద్యోగం పోతాదని భయపడి ఊరుకున్నాను. చెప్పేదానికే సిగ్గుగా ఉండాది. చూసేదానికి మనిషి వచ్చే రోజు పొద్దున్నే తాడు లాగినామెకు ఫోన్ చేసి, "అక్కా, ఆటో ఎక్కి వచ్చెయ్యి" అన్నాను.

వచ్చినాయన తల నెరిసిన పెద్దమనిషి. ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని రిజిస్టరు తిరగేసినాడు.

"రాళ్ళు పగలగొట్టే చోట ఇన్నాళ్ళలో ఒక్క గోరు కూడా చిట్లలేదా?"

"జీరో సార్!" అని మేనేజరు ఛాతీ విరిచినాడు.

"అయితే ఒకటో మెట్టే. దెబ్బలు తగలక కాదు, చెప్పేదానికి మీ జనం భయపడతా ఉండారు."

ఇంక నా నోరు ఆగలా. "ఒకటి ఉండాది సార్. రాసినాను, చించేసినారు. ఆ మనిషి గేటు కాడే ఉండాది." మేనేజరు తేలు కుట్టిన దొంగ మాదిరి అయిపోయినాడు.

ఆమె వచ్చి గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. "ఎవురికీ ఏం కాలేదు గదా, దీన్ని చెప్పుకోవాలా?" అని ఆయన కావాలనే అడిగినాడు.

"మేము గొర్రెలు మేపేవాళ్ళం సామీ. తోడేలు గొర్రెను ఎత్తుకుపోయినాక చెప్పుకునేదేముండాది, ఏడ్చేది తప్ప? దాని అడుగు కనపడితే ఆ సాయంత్రమే మందలోళ్ళందరికీ చెప్తాం. చెప్పనోణ్ణి తిడతాం. ఈడ చెప్పినోళ్ళను తిడతా ఉండారు!"

"మళ్ళీ అట్టా జరిగితే?"

"లాగతా. గేటు వేసుకున్నా గోడ దూకొచ్చి లాగతా!"

ఆయన పకపకా నవ్వి ఓనరు వైపు తిరిగినాడు. "మీకు రెండో మెట్టు ఇచ్చేదానికి నాకు కనపడే కారణం ఈమే. ఈమె మీ కాడ పనిచేస్తా ఉండాదని రాసేదా, తీసేసినారని రాసేదా?"

"పనిలోనే ఉండాది సార్" అన్నాడు ఓనరు, రెండో ఆలోచన లేకుండా.

"సోమవారం నించి రా" అని మేనేజరు గొణిగినాడు.

"సోమారం దాకా ఎందుకు? వచ్చేసినా గదా!" అని ఆమె కొంగు నడుముకు బిగించి నా వైపు తిరిగింది. "పాపా, బెల్టు కాడ మాకిచ్చిన గ్లౌజులు అరచేతి కాడ చిరిగిపోయి ఉండాయి. ముందు అది రాసుకో."

మేనేజరు జేబులో పెన్ను నేనే లాక్కుని, అందరి ముందరే రిజిస్టరులో రాసినాను.