పన్నెండో ఇంటి కేతువు

అది 2023. చవితి పందిళ్ల కోసం కుర్రాళ్లు చందాలు వసూలు చేస్తున్న రోజులు. ఎమ్మిగనూరు బస్టాండుకు దగ్గర్లో నా జాతకాల అంగడి. అంగడంటే ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, మూడు కుర్చీలు, తిరగాలా వద్దా అని ఆలోచించి తిరిగే ఒక ఫ్యాను. మా ఊరి ఎండకు ఒకసారి ప్రింటర్లోంచి జాతకం కాగితం అప్పడంలా వేగి వచ్చిందని చెబితే నమ్మినవాళ్లున్నారు. నమ్మనివాళ్లకు ఆ అప్పడం తిన్న మనిషిని చూపించాను.

ఈ వృత్తిలో నన్ను అందరూ అడిగేది శని గురించి కాదు, కేతువు గురించి. నిజానికి కేతువనే ముద్ద ఆకాశంలో ఎక్కడా లేదు. సూర్యుడు నడిచే దారిని చంద్రుడి దారి రెండు చోట్ల కోస్తుంది. చంద్రుడు ఉత్తరానికి ఎక్కే చోటు రాహువు, దక్షిణానికి దిగే చోటు కేతువు. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని సౌత్ నోడ్ అంటారు. నోడ్ అంటే ముడి అనుకోండి, చాలు. ఉన్న గ్రహాలన్నీ కలిసి తెచ్చినవాళ్లకంటే లేని ఈ గ్రహమే నా అంగడికి ఎక్కువమందిని తెచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు ఆదోని బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చారు. పెద్దావిడను సరోజమ్మ అంటాను, వెంట వచ్చిన ఆమె కోడలిని మాధవి అంటాను. పేర్లు మార్చాను, మనుషులను మార్చలేదు. సరోజమ్మ భర్త పాండురంగ శెట్టి ఆదోనిలో వేరుశనగ, ఉలవలు కొని అమ్మే పాత వ్యాపారి. కొంతకాలంగా కొట్టు చూసుకునేది కొడుకే.

"అన్నా, మీరు ఎవురికీ చెప్పరని వచ్చినాము," అంది సరోజమ్మ.

"చెప్పనమ్మా. చెప్పినా నమ్మరు, నాకు ఆ పేరుంది."

ఆమె నవ్వలేదు. "ఆదోనిలో అడగలేను. ఆడ పొద్దున ఒక మాట పుడితే మధ్యాన్నానికి దానికి వేలంపాట అయిపోతాది. మా ఆయనకు కేతు మహర్దశ వచ్చింది. పన్నెండో ఇంట్లో కేతువంట. ఇంక జన్మ లేదంట. ఉప్పు మానేసినాడు, మంచం మానేసినాడు, కొట్టుకు పోయేది మానేసినాడు. చవితి అయినంక తుంగభద్ర అవతల ఆశ్రమానికి పోయి కాషాయం కట్టుకుంటాడంట."

"ఎవరు చెప్పారు?"

"కనపడిన సిద్ధాంతినల్లా అడిగినాడు," అంది మాధవి. "అందరిదీ ఒకటే మాట, మోక్షం. నేను ఫోన్లో చూస్తే తెల్లోళ్లు వేరే చెప్తాండారు. సౌత్ నోడ్ పన్నెండో ఇంట్లో ఉంటే, పోయిన జన్మంతా మఠాల్లోనే కూర్చున్నాడంట. ఈ జన్మలో లేచి పని చేసుకోవాలంట. మామకు చూపిస్తే, 'వాళ్ల కేతువుకు ఈడ వీసా లేదు, తీసెయ్' అన్నాడు."

"ఏ కేతువు మాట నిజమో మీరే చెప్పండి," అంది సరోజమ్మ.

పాఠకులకు ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. మన పద్ధతిలో కేతువు తల లేని మొండెం. కళ్లు లేవు కాబట్టి లోకాన్ని చూడడు, అందుకే మోక్షకారకుడు, అంటే విడుదల ఇప్పించేవాడు. పన్నెండో ఇల్లు వ్యయానికి, విడుదలకు స్థానం. ఆ రెండూ కలిస్తే మళ్లీ పుట్టుక లేదని చెప్పే అలవాటు మాలో ఉంది. ఆయన పనితీరు మాత్రం కుజుడి మాదిరిగా, కోసి అవతల పారేస్తాడు. ఆయన ధాన్యం ఉలవలు, ఆయన గుడ్డ రంగురంగులది, ఆయన దేవుడు వినాయకుడు. ఇంకా వెనక్కి పోతే పాతకాలం వాళ్లకు కేతువులంటే తోకచుక్కలు, ఒకటి కాదు, గుంపులు గుంపులు. పడమటి దేశాలవాళ్లు మొదట్లో దీన్ని డ్రాగన్ తోక అన్నారు, ముట్టుకున్నదల్లా తగ్గిస్తుందన్నారు. ఇప్పటివాళ్లు తోక తీసేసి పూర్వజన్మ మూట తగిలించారు. నువ్వు మోసుకొచ్చింది ఇది, దించేసి ఎదురింటికి నడువు అంటారు. పన్నెండుకు ఎదురిల్లు ఆరు, అది రోజువారీ చాకిరీ ఇల్లు. బర్మావాళ్లు కేతువును గ్రహాలన్నిటికీ పెద్దను చేసి మధ్యలో కూర్చోబెడతారట. వారంలో ఆయనకంటూ ఒక రోజు మాత్రం ఇవ్వరట. ఇది గుంతకల్లు స్టేషన్లో నాకు ఒకాయన చెప్పాడు. ఆయన తాత రంగూన్ నుంచి నడిచి వచ్చాడు. ఎంత నడిచాడంటే, ఊరు చేరి కూర్చున్నాక కూడా కాళ్లు ఇంకో నెల నడిచాయట.

ఇదంతా సరోజమ్మకు చెప్పాను. ఓపికగా విని అడిగింది.

"అవన్నీ ఉండనీ అన్నా. ఆయన సన్యాసం పుచ్చుకుంటే నేనేమయితాను? మొగుడున్నట్టా, పోయినట్టా? బొట్టు పెట్టుకోవాల్నా, వద్దా? ఎవురింట్లోనన్నా పేరంటమైతే నన్ను పిలుస్తారా? ఇది ఏ పుస్తకంలోనన్నా రాసినారా?"

సన్యాసం తీసుకునేవాడు తన కర్మకాండ తానే చేసుకుంటాడు. ఆ తర్వాత ఇంట్లో ఉండిపోయిన మనిషికి ఏమి పేరో చెప్పే సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదు. ఆ మాటే అన్నాను.

జాతకం వేద్దామంటే పుట్టిన వేళ ఆమెకు తెలియదు. కాగితం ఆయన జేబులో ఉంది, స్నానానికి పోయినా వెంటే. నిజం చెప్పాలంటే, పన్నెండింట కేతువు అన్న మాట వినగానే నా నాలుక మీదికి కూడా 'మోక్షం' అనే వచ్చింది. ఆమె ఎదురుగా ఉండబట్టి మింగాను. ఆదివారం నేనే వస్తానని చెప్పి పంపించాను.

ఆదోనిలో వాళ్ల ఇల్లు పాత బజారు వెనక. శెట్టి వరండాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఉప్పు లేని కూడు తిని ముఖం నిజంగానే కొంచెం వెలిగిపోతోంది, లేదా పాలిపోయి ఉంది. రెండూ దూరం నుంచి ఒకలాగే కనిపిస్తాయి.

"నన్ను ఆపేకి వచ్చినావా అప్పా?" అన్నాడు.

"లేదన్నా. పోయేటప్పుడు కేతువుకు దానం ఇచ్చి పోవాల కదా, అది చెప్పేకి వచ్చినా. ఒక మూట ఉలవలు."

"ఏ ఉలవలు?"

"ఉలవలే."

"ఉలవలే అంటే ఎట్లప్పా. నల్లవి ఉంటాయి, ఎర్రవి ఉంటాయి. ఇప్పుడు మార్కెట్ యార్డుకు వచ్చేది పాత సరుకు, లోపలంతా పురుగు. అది దానమిస్తే కేతువే తిరిగి పంపిస్తాడు. నందవరం సైడు నుంచి కొత్తది వస్తాది, అంతవరకు ఆగాల."

గుమ్మంలో నిలబడ్డ మాధవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సరోజమ్మ మాత్రం ఆయన వైపు చూస్తూనే ఉంది.

"ఆగుదాంలే అన్నా. ఆలోగా ఆ జాతక చక్రం ఒకసారి చూపిస్తావా?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. చూడగానే నాకు విషయం సగం అర్థమైంది. ఇది మన చక్రం కాదు. శెట్టికి పత్తి వ్యాపారం చేసే ఒక మార్వాడీ సేటు స్నేహితుడు. ఆయన మీది అభిమానంతో తమ ఇంటి పండితుడి చేత రాయించి ఇచ్చిన జాతకం. మనం గీసేది చుట్టూ పన్నెండు గళ్లున్న చతురస్రం. అందులో రాశులు కదలవు, మీనం ఎప్పుడూ పై మూలనే ఉంటుంది. లగ్నం ఏ గడిలో పడితే అక్కడి నుంచి ఇళ్లు లెక్కపెడతాం. ఉత్తరాదివాళ్లు గీసేది కోణాల చక్రం. అందులో ఇళ్లు కదలవు, పైన మధ్యలో ఉన్నది ఎప్పుడూ మొదటి ఇల్లు. ప్రతి ఇంట్లో వేసే అంకె ఇంటి వరస కాదు, ఆ ఇంట్లో ఉన్న రాశి వరస. పన్నెండు అంటే పన్నెండో రాశి, మీనం. శెట్టి చక్రంలో పైన రెండు అంకె ఉంది, అంటే వృషభ లగ్నం. కేతువు పక్కన పన్నెండు ఉంది. వృషభం నుంచి లెక్కపెడితే మీనం పదకొండో ఇల్లు. శెట్టి ఆ అంకెనే ఇంటి వరస అనుకున్నాడు.

వేలు పెట్టి నిదానంగా చూపించాను. శెట్టి తానూ వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. వ్యాపారి లెక్క, తప్పు పోదు.

"మరి అంతమంది సిద్ధాంతులు అబద్ధం చెప్పినారా?"

"వాళ్లు నిజమే చెప్పినారన్నా, నువ్వు అడిగినదానికి. ఎవరికన్నా ఈ కాగితం చూపించినావా?"

"చూపించేదేముంది? పన్నెండింట కేతువుంటే ఏమని అడిగినా. ఉలవల ధర ఎంతప్పా అని అడిగేటప్పుడు మూట ఇప్పి చూపిస్తామా?"

ఆదోని యార్డులో ఇది తప్పు కాదు. అక్కడ నోటిమాట మీద బండ్లు బండ్లు సరుకు చేతులు మారుతుంది. ఆయన మోక్షం ధర కూడా అలాగే విచారించాడు, పదిమంది ఒకే ధర చెప్పేసరికి బేరం ఖాయం చేసుకున్నాడు.

"పదకొండంటే ఏం స్థానం?" అని అడిగాడు చివరికి.

"లాభ స్థానం."

లాభం అన్న మాటకు ఒక వ్యాపారి ముఖం వాడిపోవడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను. కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"పదకొండు కానీ, పన్నెండు కానీ," అన్నాడు. "నా మనసు ఆడికి పోయింది. నేను పోతా."

నేను వచ్చిన పని అయిపోయింది, ఆయన పట్టు మాత్రం సడలలేదు. తప్పు దిద్దితే చాలని నేను అనుకున్నాను. కేతువు పక్కకు తప్పుకున్నాడు, అంతే.

అప్పుడు సరోజమ్మ వరండాలోకి వచ్చి ఆయన చాప మీదే, ఆయనకు ఎదురుగా కూర్చుంది. బయటి మనిషి ముందు ఆమె అలా కూర్చోవడం కోడలు ఎన్నడూ చూసి ఉండదు. మాధవి కొంగు దించి నిలబడిపోయింది.

"ఒకటి అడుగుతా," అంది సరోజమ్మ. "ఏ గ్రహాన్నీ అడ్డం పెట్టుకోకుండా చెప్పు. నువ్వు ఇడిసిపెట్టి పోయేది నన్నా, కొట్టునా?"

శెట్టి తల ఎత్తలేదు. "నిన్నెందుకు ఇడుస్తా."

"అయితే కొట్టునా?"

అప్పుడు శెట్టి చెప్పాడు. "రైతు లోపలికి వస్తాడు. నేను గద్దె మీద కూర్చోనుంటా. నన్ను చూసి, 'మీ కొడుకు లేడా' అంటాడు. లేడంటే, వచ్చినంక వస్తాలే అని పోతాడు. వాని నాయన కాలం నుంచి వాళ్ల మూటలు తూకం వేసినోణ్ణి నేను. ఆ మాట రోజూ వినలేను."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావు?"

"ఇప్పుడు అనేదే అప్పుడూ అంటా. కొట్టు ఇడిసిపెట్టు. ఇల్లెందుకు ఇడిసేది?"

శెట్టి ఆమె వైపు చూశాడు. ఇన్ని నెలల్లో ఆ దారి ఆయనకు తోచలేదని ముఖం చెబుతోంది. ఆయన లెక్కలో కొట్టు, ఇల్లు ఒకే మూట. ఒకటి దించితే రెండోది కూడా దించాల్సిందే.

"ఇంట్లో కూర్చోని ఏం జేసేది?" అన్నాడు.

"నేను ఇన్నేండ్లుగా ఏం జేస్తాండానో చూడు. తెలుస్తాది."

ఆ రోజు మాధవి అందరికీ అన్నం వడ్డించింది. శెట్టి రసం నోట్లో పెట్టుకుని కాసేపు ఆగాడు. ఉప్పు అందుకున్నాడు. నేనైతే పప్పు ఎక్కువ అడిగాను, అది వేరే విషయం.

చవితి వచ్చింది, పోయింది. శెట్టి ఎక్కడికీ పోలేదు. కొట్టు తాళాలు కొడుక్కే ఇచ్చేశాడు. కొన్నాళ్లకు సరోజమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, ఈయన ఇంట్లోని పప్పు డబ్బాలన్నీ దించి, చేట్లో పోసి, రకాలు ఏరుతాండాడు. పోపు మాడిందని చెప్పేకి స్టవ్ పక్కన స్టూలు ఏసుకున్నాడు. పొద్దునపూట మటుకు ఈయన్ను బయట పెట్టే గ్రహమేదన్నా ఉంటే చూడన్నా."

"దానికి గ్రహమెందుకమ్మా. ఆయన్నే అడుగు."

అడిగిందట. ఆయనకూ పొద్దున కాసేపు బయట తిరగాలనే ఉందట, చెబితే ఆమె నొచ్చుకుంటుందని ఊరుకున్నాడట. ఇప్పుడు పొద్దునపూట యార్డు ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర కూర్చుంటాడు. కొనడు, అమ్మడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తాడు. సరోజమ్మను ఎవరింటి పేరంటానికైనా మునుపటిలాగే పిలుస్తున్నారు.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతిలో రెండు మార్పులు వచ్చాయి. చక్రం కళ్లతో చూడకుండా, ఫలానా ఇంట్లో ఫలానా గ్రహముంటే ఏమిటని అడిగినవాళ్లకు జవాబు చెప్పను, ఫోన్లో అసలే చెప్పను. రెండోది, కేతువు గురించి వచ్చినవాళ్లను ముందు ఒక ప్రశ్న అడుగుతాను, మీ ఇంట్లో ఈ మాట అడిగారా అని. చాలామంది లేదంటారు, కొంతమంది అక్కడి నుంచే వెనక్కి తిరిగి పోతారు. దీనివల్ల అంగడికి రాబడి తగ్గింది, ఫ్యాను కూడా నన్ను చూసి తిరగడం మానేసింది. మనవాళ్ల కేతువు, తెల్లవాళ్ల కేతువు, బర్మావాళ్ల కేతువు, అందరినీ చదివాను. ఎవరి మాట ఎలా ఉన్నా వదలడం దగ్గరికే వస్తారు. ఏది వదలాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది ఇంట్లో, ఒకే చాప మీద ఎదురుగా కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.