థయజోల్ తెచ్చిన ఏడుపు

మొన్న కాలి బొటనవేలు వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేటట్టు ఉంటే, డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, గౌటు అని తేల్చి ఒక మాత్ర రాసిచ్చారు. ఫార్మసీ చదువుతున్న మనవరాలు ఆ మందు అణువు బొమ్మను ఫోనులో తీసి చూపించింది. ఐదు మూలల చట్రం, ఒక మూలన గంధకం, ఒకటి విడిచి మరో మూలన నత్రజని. థయజోల్! పాత పగవాడు ఎదురుపడ్డట్టు గతుక్కుమన్నాను. నేను ఆ పేరు పైకి అనగానే మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

అరవైల చివర్లో నేను వాల్తేరులో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. మా వైపు ఇంటికొకరిని పట్టుకున్న బోదకాలుకు ఈ థయజోళ్లలో మందు దొరుకుతుందని మా గురువుగారి ఆశ. ఆశ ఆయనది, చాకిరీ నాది. థయోయూరియాలో ఫెనసైల్ బ్రోమైడు కలిపి వేడి చేయాలి. ఈ రెండోది చూడ్డానికి పటికబెల్లం పలుకుల్లా అమాయకంగా ఉంటుంది గానీ, దాని గాలి సోకితే ఎంతటి రాతిగుండెవాడైనా భోరుమనాల్సిందే. ఆ గాలిని బయటికి లాగే యంత్రాలేవీ మాకు లేవు, కిటికీ తీయడమే మా యంత్రం. కళ్లు మండని రోజు పని జరగనట్టే లెక్క.

ఆ రోజుల్లోనే మా మేనమామ నరసన్నపేటలో ఒక సంబంధం చూశాడు. పెళ్లిచూపులకు బయలుదేరే ఉదయం కూడా నేను ప్రయోగశాలకు వెళ్లి, బల్ల మీద ఒలికిన పలుకులను హడావిడిలో జేబురుమాలుతో తుడిచి, అలవాటుగా దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని రైలుకు పరుగెత్తాను. దారిలో కళ్లు మండితే ఇంజను బొగ్గునుసి అనుకుని ఆ రుమాలుతోనే తుడుచుకున్నాను. తుడిచినకొద్దీ ధార పెరిగింది. పక్కన మావయ్యకూ అదే వరస.

ఆడపెళ్లివారింట్లో పిల్ల ఫలహారాల పళ్లెం తెచ్చి నిలబడింది. నాకు చెమట పట్టి రుమాలు తీశాను. పాపం, వాళ్ల నాన్నగారు మర్యాద కొద్దీ తాటాకు విసనకర్రతో స్వయంగా విసిరారు. అంతే, ఆ గాలి గదంతా చుట్టింది. ఆయన, ఆయన భార్య, గుమ్మంలో ఆడవాళ్లు, చివరికి పిల్ల, అందరూ ఏడుపే. మా వైపు అప్పగింతలకు ఏడవడం ఆనవాయితీ గానీ, పెళ్లిచూపుల్లో, అందులోనూ పెళ్లికొడుకు ముందుగా ఏడవడం ఎక్కడా లేదు. వీడి మనసు ఇంకెక్కడో ఉంది, బలవంతాన తెచ్చారని గుసగుసలు బయలుదేరాయి. మావయ్య నా చెవిలో బుసకొట్టాడు.

"పిల్ల నచ్చకపోతే సెప్పాల గానీ, ఇలగ పరువు తీసేత్తన్నావేటిరా?"

నచ్చకపోవడమేమిటి, కన్నీళ్లలోంచి సగమే కనిపించినా ఎంతో నచ్చింది! వాళ్ల నాన్నగారు లేచి, ఇక వెళ్లిరండన్నట్టు చేతులు జోడించారు. అప్పుడు చేతిలోని రుమాలు చూసుకుని, సంగతి వెలిగి, పెరట్లోకి పరుగెత్తి దాన్ని పెంటకుప్పలో పాతేసి, చేతులు కడుక్కుని వచ్చి ఉన్నదంతా చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. మంచం మీద బోదకాలు చాపుకుని కూర్చున్న పిల్ల నాయనమ్మ మాత్రం, ఆ మందు దేనికని అడిగింది. మీ కాలులాంటి కాలికేనండీ, ఇంకా తయారవలేదన్నాను. ఆవిడ తన కాలి కేసి చూసుకుని కొడుకుతో అంది.

"మందు సెయ్యడానికే ఇంతేడిసినోడు మన పిల్లనేటి ఏడిపిస్తాడు? ఉన్న ఏడుపంతా అక్కడే అయిపోనాది. ఇచ్చీండి."

ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు. అప్పగింతల వేళ మా ఆవిడ ఏడవాల్సింది పోయి, నా జేబు వంక చూసి ఫక్కున నవ్వింది.

నేను తెల్లటి పొడులు ఎన్నో చేశాను. పరీక్షకు పంపిన ఏ పొడికీ బోదకాలు తెచ్చే పురుగు కనీసం తుమ్మలేదు. అత్తవారింటికి వెళ్లినప్పుడల్లా ఆ నాయనమ్మ మందొచ్చిందా అని అడిగేది, నేను తల దించుకునేవాణ్ణి. "ఇంకొంచెం ఏడు బాబూ, వస్తాది," అని తనే నన్ను ఓదార్చేది. ఆ కాలితోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు ప్రయోగశాలల్లో కళ్లకు అద్దాలు, గాలికి యంత్రాలు వచ్చాయట, ఎవరూ ఏడవరట. మంచిదే. ఆ చట్రంలోంచి కాలికి మందూ వచ్చింది, కాకపోతే ఆవిడ కాలికి కాదు, నా కాలికి. మాత్ర నోట్లో వేసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆవిడ నవ్వుతూ నా జేబు తడిమింది. అందులో రుమాలు లేదు.