అమ్మకు తప్ప అందరికీ చెప్పాను

సునామీ నీళ్ళు అండమాన్‌లో, బాంబూఫ్లాట్ ఊళ్ళోని మా ఇంట్లోంచి వెనక్కి పోయాక వారం రోజులు తడిసిన సామాన్లు బయటికి ఈడ్చాం. రేకు అంచు గీసుకుని నా మోచేతి మీద పొడుగ్గా గాయమైంది. అది మానిన కొన్ని వారాలకు సరిగ్గా ఆ గీత వెంబడే చర్మం ఎర్రగా లేచి, తెల్లటి పొట్టు రాలడం మొదలైంది. భయం కంటే ముందు నాకు ఆశ్చర్యం వేసింది. మానిన చోటే ఎందుకొచ్చినట్టు?

అప్పట్లో మా వీధిలో చాలామందికి ఉప్పునీళ్ళ దురద. నాదీ అదే అనుకున్నారు. అమ్మ మాత్రం నా గ్లాసు, తువ్వాలు వేరు చేసేసింది. "ఆ నీళ్ళల్లో ఏటి కలిసిందో ఏటో. ఇంట్లో అందరికీ అంటుకుంటాది," అంది.

మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే పది రోజుల్లో మాయమైంది. మానేయగానే మోకాళ్ళకీ వీపుకీ పాకింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్‌లో స్కిన్ డాక్టరుకు చూపించాను. బయాప్సీ చేశారు. రిపోర్టు వచ్చాక డాక్టరు చెప్పారు.

"సోరియాసిస్. అంటదు. పూర్తిగా పోతుందని చెప్పలేను, కంట్రోల్‌లో పెట్టొచ్చు. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంది, అడక్కుండా వాడకు."

"సునామీ నీళ్ళ వల్లేనా సార్?"

"కాదమ్మా. ఈ జబ్బున్నవాళ్ళకి దెబ్బ తగిలిన చోట ఇలా లేస్తుంది. కోబ్నర్ అంటాం."

జవాబు దొరికిందని ఎంత సంతోషపడ్డానో! ఇంటికొచ్చి మాత్రం, గ్లాసు వేరు చేసిందన్న కోపంతో, అమ్మకు "మందిచ్చారు" అని చెప్పి ఊరుకున్నాను.

కొన్నేళ్ళకు చేతికి ఫోన్ వచ్చింది. మచ్చ చుట్టూ పెన్నుతో గీసి, పెరిగిందా తగ్గిందా అని నెలనెలా ఫోటో తీసి పోస్టు చేసేదాన్ని. మా దీవుల్లో నెట్ ఎంత నెమ్మదంటే, ఒక్క ఫోటో ఎక్కేలోపు అన్నం ఉడికేది. ఇక్కడ అందరూ చదివేది హిందీయే కాబట్టి హిందీలోనే రాశాను. ఎవరడిగినా ఒకటే జవాబు: అంటదు.

ఆ పోస్టులు చదివే దీదీ ఒకామె పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్ నుంచి నన్ను చూడ్డానికి వచ్చింది. ఆవిడా తెలుగామే, ఆవిడకీ సోరియాసిస్సే. చనువుగా నా గ్లాసులో నీళ్ళు తాగబోతే అమ్మ కేకేసింది. "అది ముట్టుకోకమ్మా!"

దీదీ తెల్లబోయింది. "అరే, అంటదని మీ అమ్మాయే అందరికీ రాసింది కదా ఆంటీ?"

"నాకెవురు సెప్పేరు?" అంది అమ్మ.

బజార్లో హిందీ గలగలా మాట్లాడే అమ్మకు హిందీ అక్షరం ముక్క రాదు. ఆ సంగతి నాకు తెలియనిదా? సిగ్గుతో చచ్చిపోయాను. దీదీ వెళ్ళాక డాక్టరు చెప్పిందంతా చెప్పాను. అమ్మ ఆయింట్‌మెంట్ అందుకుంది. "ఎనక్కి తిరుగు," అని వట్టి చేత్తో నా వీపంతా రాసింది.

"ఇన్నేళ్ళూ ఇక్కడ ఎవురు రాసేవోరే?"

"ఎవరూ లేరమ్మా."

ఇప్పటికీ మచ్చలు వచ్చిపోతుంటాయి. పొట్టి చేతుల జాకెట్టుతోనే ఫెర్రీ ఎక్కుతున్నాను. మీకు నేను చెప్పేది ఒక్కటే. రిపోర్టు వచ్చిన రోజున, పోస్టు పెట్టకముందే, మీ జబ్బుకి ఇంట్లో ఎక్కువ భయపడేది ఎవరో వాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి.